రాళ్లబాట రాణి

నాయిక ఏడాది తిరక్కుండానే మూడు రకాల పోటీల్లో ప్రపంచ విజేత అవుతుంది. కానీ ఒలింపిక్స్‌కి వెళ్లిన మూడుసార్లూ ఒట్టిచేతులతో తిరిగొస్తుంది. ఈ కథ ఏ రచయితైనా చెబితే మన నిర్మాతలు "మరీ అతిగా వుందయ్యా!" అని పంపించేస్తారు. కానీ ఇది కల్పన కాదు. ఫ్రాన్స్‌కి చెందిన పోలీన్ ఫెరాన్ ప్రెవో జీవితం.

1992లో రీమ్స్‌లో పుట్టిన పోలీన్ 2014లో రోడ్డు రేసులో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2015 ఆరంభంలో బురదలో సాగే సైక్లోక్రాస్, అదే సెప్టెంబరులో మౌంటెన్ బైక్ క్రాస్‌కంట్రీ కూడా గెలిచింది. అప్పటికామె వయసు 23. ఈ మూడు కిరీటాలూ ఒకేసారి ధరించినవారు అంతకుముందు లేరు.

క్రాస్‌కంట్రీ అంటే తెలియనివారికి ఒక్కమాట. నాలుగైదు కిలోమీటర్ల కొండదారిని గంటన్నర దాకా చుట్టిరావాలి. వేళ్లు, బండలు, నిలువు దిగుళ్లు! నిర్ణయించిన చోట తప్ప బండి చెడితే ఎవరూ చెయ్యి వేయకూడదు. డూపు వుండదు, రెండో టేకూ వుండదు.

ఇక ఒలింపిక్స్ సంగతి. 2012లో లండన్‌లో 26వ స్థానం. 2016లో రియోలో మధ్యలోనే తప్పుకుంది. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో పదో స్థానం.

ఈ మధ్యలో అసలు విలన్ ఆమె శరీరంలోనే దాక్కున్నాడు. ఏళ్ల తరబడి ముందుకు వంగి తొక్కడంవల్ల తుంటి దగ్గర రక్తనాళం నలిగి, దాని గోడ దళసరెక్కుతుంది. మామూలుగా నడిచేటప్పుడు ఏమీ తెలియదు. ప్రాణం పెట్టి తొక్కేటప్పుడు మాత్రం కాలికి రక్తం చాలదు. బయటికి గాయం కనిపించదు కనుక చూసేవాళ్లు "పనైపోయింది" అనేస్తారు. రెండు చిత్రాలు ఆడకపోతే మార్కెట్ పోయిందనే పరిశ్రమ గురించి రాసి రాసి అలవాటైన నాకు, ఈ ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది.

2019లో ఆమెకు శస్త్రచికిత్స జరిగింది. అదే ఏడాది కెనడాలో మళ్లీ ప్రపంచ టైటిల్! 2020, 2022, 2023లలో కూడా ఆమెదే గెలుపు.

2024 జూలై 28న క్లైమాక్స్. పారిస్ పొలిమేరలో ఎలాంకూర్ గుట్ట, దారికిరువైపులా స్వదేశీ జనం. గట్టి పోటీ ఇస్తుందనుకున్న డచ్ అమ్మాయి పుక్ పీటర్స టైరు పంక్చరైంది. ఆమె సంగతెలా వున్నా, పోలీన్‌ని అందుకునేవారే కనిపించలేదు. రెండో స్థానం పొందిన అమెరికన్ హేలీ బాటెన్ గీత దాటేసరికి దాదాపు మూడు నిమిషాలు గడిచాయి. సైకిల్ రేసులో మూడు నిమిషాలంటే మన హాల్లో ఒక పాట!

అంతటితో "శుభం" కార్డు వేయవచ్చు. పోలీన్ వేయలేదు. మట్టిదారి వదిలి రోడ్డుకి మారి, 2025 ఏప్రిల్‌లో రాళ్లు పరిచిన పారిస్-రూబే, ఆగస్టులో మహిళల టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది. 2022లో పునఃప్రారంభమైన ఆ టూర్‌ని గెలిచిన తొలి ఫ్రెంచి వనిత ఆమే. పురుషుల టూర్‌లో ఫ్రెంచివాళ్లకి ఆఖరి గెలుపు 1985లో బెర్నార్ ఇనోది.

పతకాలు లెక్కపెట్టేవాళ్లు లెక్కపెట్టుకోనీయండి. సరిగా రక్తం అందని కాలితో తొక్కిన ఆ రోజులు ఏ జాబితాలోనూ వుండవు. నా మట్టుకు నాకు ఆమె నాయికైంది ఆ రోజుల్లోనే!