దివిసీమలో ఇంకో దీవి: మా అమ్మ వంటింటి గట్టు కథ

అన్నం ఉడికింది. వార్చాలి. సిబ్బి పెట్టి, రెండు చేతులకీ మసిగుడ్డ చుట్టుకుని, అమ్మ గిన్నె ఎత్తింది. ఎత్తాక అటూ ఇటూ చూసింది. ఎడమ పక్క పప్పుచారు గిన్నె. కుడి పక్క అప్పుడే దించిన వంకాయ కూర మూకుడు. ఎదురుగా మంట. వెనక మూడున్నర అడుగుల దూరంలో సింకు గట్టు, దాని నిండా అంట్లు. ఎక్కడా పెట్టే చోటు లేక కింద నేల మీద పెడదామని వంగింది. సిబ్బి జారింది. సలసలా కాగే గంజి కుడి పాదం మీద పడింది.

అది మాఘ పౌర్ణమి రోజు. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడికీ, సంగమం దగ్గర స్నానానికీ వచ్చిన చుట్టాలతో మా పాలకాయతిప్ప ఇల్లు కిటకిటలాడుతోంది. పాదం మీద ఇరవై నిమిషాలు చన్నీళ్లు ధారగా పోసి, బండెక్కించి అవనిగడ్డ తీసుకెళ్లాం. దారంతా అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ‘నీ వల్లేరా’ అని తిట్టినా బాగుండేది. ఎందుకంటే ఆ వంటగది ప్లాన్ గీసింది నేనే.

అసలేం జరిగిందంటే... డాలస్‌లో ఉండే మా అక్క ఒకరోజు వీడియో కాల్‌లో తన కొత్త వంటగది చూపించింది. గది మధ్యలో పెద్ద రాతి గట్టు, అందులోనే పొయ్యి, చుట్టూ స్టూళ్లు. ‘ఐలాండ్ అంటారు దీన్ని’ అంది. అంతే, నా మనసు అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత యూట్యూబ్ చూశాను. ఒకటి చూస్తే పది చూపిస్తుంది కదా! ఇల్లు బాగు చేయించేటప్పుడు మా పదకొండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు వంటింట్లోనూ నట్టనడుమ ఇటుకలతో ఓ గట్టు కట్టించి, పైన నల్ల గ్రానైట్ పరిపించి, పొయ్యి దాని మీద పెట్టించాను. దివి అంటేనే దీవి. కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలిన దీవిలో మేముంటాం. ఆ దీవిలో మా అమ్మకో బుల్లి దీవి! ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. లైకులు బాగానే వచ్చాయి.

లెక్క మాత్రం తప్పింది. చుట్టూ తిరగడానికి దారి ఉండాలి కదా అని గట్టు పొడవు మూడున్నర అడుగులే పెట్టించాను. అంటే 42 అంగుళాలు. మూడు బర్నర్ల పొయ్యే 28 అంగుళాలు తినేసింది. మిగిలింది పక్కకి ఏడేసి అంగుళాలు. ఏడు అంగుళాల్లో ఏం పడుతుంది? ఓ చారు గిన్నె పడుతుంది, అదీ సగం గాల్లో ఉంటుంది.

అమెరికాలో వంటిళ్ల డిజైన్‌కి ఓ సంఘం ఉంది, ఎన్‌కేబీఏ అని. వాళ్ల నియమాల్లో పొయ్యికి ఒక పక్క కనీసం 12 అంగుళాలు, రెండో పక్క కనీసం 15 అంగుళాల ఖాళీ గట్టు ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. పొయ్యి గది మధ్యలో ఉంటే దాని వెనక కూడా కనీసం తొమ్మిది అంగుళాలు వదలాలట. లేకపోతే అవతలి పక్క నుంచి వచ్చే పిల్లల చెయ్యి నేరుగా మంటకీ, వేడి మూకుడుకీ తగులుతుంది. ఒకళ్లే వండుకునే వంటింట్లో రెండు గట్ల మధ్య నడిచే దారి 42 అంగుళాలు ఉండాలి. నేను ఈ దారి ఒక్కటీ సరిగ్గా పెట్టాను, అదీ గుడ్డిగా! మిగతావన్నీ అమ్మ పాదం కాలాక, ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో చదువుకున్నాను. అక్కకి ఫోన్ చేసి విషయం చెప్తే, ‘ఒరేయ్, మేం కుక్కర్‌లో పెట్టేసి మర్చిపోతాం. గంజి వార్చే పని మాకెక్కడిది?’ అంది.

ఇదంతా విని మా నాయనమ్మ నవ్వింది. ఆవిడ మాట నాకు కొత్తగా అనిపించింది. ‘మాకు గట్టే లేదురా. నేలే గట్టు’ అంది. నిజమే కదా! పొయ్యి నేల మీదే. పీట వేసుకుని కూర్చుంటే చేతికందినంత మేరా ఖాళీయే. ఎడమ చేతి పక్క కత్తిపీట, కుడి చేతి పక్క నీళ్ల చెంబు, గిన్నె దించాలంటే జానెడు పక్కకి జరిపితే చాలు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చి దివిసీమని ఊడ్చేశాక ఆవిడ కొన్నాళ్లు ఆరుబయట మూడు రాళ్లు పెట్టి వండిందట. ‘అప్పుడూ చోటుకి కరువు లేదు, గిన్నెలకే కరువు’ అంది. ఆ మాట చాలా మామూలుగా అనేసి తమలపాకుకి సున్నం రాసుకుంది. నాకు మాత్రం కాసేపు నోట మాట రాలేదు.

ఆ తర్వాత గ్యాస్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం మొదలయ్యాక మన పల్లెల్లో చాలా ఇళ్లకి సిలిండర్ చేరింది. గ్యాస్ పొయ్యి సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి కాబట్టి దానికో గట్టు కట్టారు. గమనించండి, పొయ్యికి మాత్రమే! పొయ్యి మూడడుగులు పైకి లేచింది, మిగతా వంటంతా నేల మీదే ఉండిపోయింది. రొయ్యలు ఒలవడం కింద, కూరలు తరగడం కింద, అన్నం వార్చడం కింద. ఒక్క వంటకి అమ్మ ఎన్నిసార్లు వంగి లేస్తుందో మీ ఇంట్లో ఓ పూట లెక్కపెట్టి చూడండి. మోకాళ్ల నొప్పులకి మాత్రం వయసుని అంటాం.

సరే, తప్పు చేశాం, దిద్దుకోవాలి. మొదట నేను చేసిన పని ఆన్‌లైన్‌లో చక్రాల ట్రాలీ కొనడం. చూడ్డానికి చక్కగా చెక్కలా ఉంది. అది చెక్క కాదు, పొట్టుని జిగురుతో అదిమి చేసిన బోర్డు. ఇక్కడేమో ఏడాది పొడుగునా సముద్రం మీది తడిగాలి. మొదటి వానాకాలానికే అంచులు పూరీల్లా పొంగాయి. రెండోసారి గోడకి మడతపెట్టే పలక బిగించాను. వాడుకున్నప్పుడు లేపొచ్చు, అక్కర్లేనప్పుడు దించొచ్చు. ఐడియా మంచిదే, ఊరే వేరు! ఉప్పు గాలికి ఇనప బ్రాకెట్లు నాలుగు నెలల్లో ఎర్రగా తుప్పు పట్టాయి. ఓ రోజు లేపితే కిర్రుమంది, ఇంకో రోజు అసలు లేవనే లేదు. సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: బరువు మోసే చోట మామూలు ఇనుము పెట్టొద్దు. తప్పదంటే స్టెయిన్‌లెస్ స్టీలు, అందులోనూ 316 రకం ఉప్పుని బాగా తట్టుకుంటుంది.

పనికొచ్చిన చిట్కా ఒకటుంది, ఖర్చు దాదాపు లేనిది. సింకు పైకి సరిపడా మందపాటి చెక్క పలక కోయించాను. పని లేనప్పుడు సింకు కూడా గట్టే. కూరలు తరిగి, తొక్కులు పక్కకి నెట్టి, పలక తీసి కడిగేస్తే సరి. అద్దె ఇళ్లలో, ఇరుకు ఫ్లాట్లలో ఉండే మీలాంటి నాలాంటి వాళ్లకి ఇదొక్కటి చాలు. కాకపోతే వేడి గిన్నె దించడానికి ఇది పనికి రాదు. పొయ్యికి దూరం కదా.

చివరికి దారి చూపించింది మేస్త్రి. మా ఊళ్లో చాలా గోడలు కట్టిన పెద్దాయన. వచ్చి, బీడీ ఆర్పి, గది మధ్యలో నిలబడి చాలాసేపు చూశాడు.

‘ఈ సందులో ఎవరు నడుస్తున్నారబ్బాయ్?’ అన్నాడు.

గట్టు ఎడమ చివరకీ గోడకీ మధ్య 20 అంగుళాల సందు ఉంది. ‘చుట్టూ తిరగడానికి బాబాయ్’ అన్నాను.

‘ఎవరు తిరుగుతున్నారూ అంట?’

అమ్మ వైపు చూశాను. ‘పిల్లి’ అంది అమ్మ.

అంతే, ఆ పిల్లి దారి మూసేయాలని తేలింది. ఒక పక్క గోడలో గాడి కొట్టి, రెండో పక్క మా గట్టు ఇటుక గోడ మీద ఆనించి రాయి పరిస్తే చాలు, కాలూ వద్దు, ఇనుమూ వద్దు. ఏడు అంగుళాలు కాస్తా 27 అయ్యాయి. దీవి కాస్తా గోడని పట్టుకుని ద్వీపకల్పం అయింది. స్కూల్లో సోషల్ మాస్టారు చెప్పిన మాట ఇన్నేళ్లకి వంటింట్లో పనికొచ్చింది చూడండి.

కుడి పక్క ఏం చేయాలన్నది అమ్మ చెప్పింది. నేనైతే ఆ పక్కకి కూడా అదే ఎత్తులో రాయి పెంచుదామన్నాను. ‘ఎత్తు వద్దు నాన్నా, ఓ మెట్టు కిందకి కట్టించు’ అంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అడుగు పాళ్లు కిందకి, 15 అంగుళాల వెడల్పున ఓ మెట్టులా కట్టాక అమ్మ చేసి చూపించింది. గంజి పట్టే బేసిన్ మెట్టు మీద ఉంటుంది. అన్నం గిన్నెని వంచితే దాని అడుగు పై గట్టు అంచుకి ఆనుకుంటుంది, మూతి బేసిన్ మీదకి వాలుతుంది. బరువంతా రాయి మోస్తుంది, అమ్మ చెయ్యి కాదు. ఏ యూట్యూబ్ వీడియోలోనూ నేనిది చూడలేదు.

ఎత్తు గురించి ఇంకో మాట. పని చేసే గట్టు మోచేతి కన్నా నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందకి ఉంటే భుజాలు నొప్పెట్టవని అంటారు. పొయ్యి ఉన్న చోట ఇంకా తగ్గాలి, ఎందుకంటే పొయ్యి ఎత్తు, దాని మీద గిన్నె ఎత్తు కలుస్తాయి. మేస్త్రిని ‘అందరికీ ఎంత పెడతారో అంత పెట్టు’ అనడం మన అలవాటు. అలా కాదు, వండే మనిషిని నిలబెట్టి టేపు పట్టండి. వండేది మీరే అయితే మీరే నిలబడండి.

రాయి ఏది వేయాలన్న దగ్గర ఇంట్లో చిన్న గొడవ అయింది. కడప రాయి చవక అన్నాడు నాన్న. గిన్నెలు పెట్టుకునే అరలకైతే కడప రాయి బంగారం లాంటిది, నిజమే. కానీ అది సున్నపురాయి జాతిది. చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికితే మరకలు తినేస్తుంది. మన వంటలో పులుపు పడని రోజు ఉందా? పాలరాయిదీ ఇదే బాధ. అందుకే పైకి గ్రానైటే వేశాం. చీమకుర్తి నుంచి దేశాలు దాటి వెళ్లే రాయి మన పక్క జిల్లాల్లోదే కదా, పాత గట్టుకి కలిసే ముక్క వెతకడం కష్టం కాలేదు. ఇసుక విషయంలో మేస్త్రి ఖచ్చితంగా చెప్పాడు: ‘బీచి ఇసుక ఇంట్లోకి తేవద్దు. ఉప్పు లోపల్నుంచి తింటది.’

సిలిండర్ కథ కూడా చెప్పాలి. మొదట్లో నేను దాన్ని గోడ పక్కన పెట్టి, ట్యూబుని నేల మీదుగా, చాప కిందుగా గట్టు దాకా లాగాను. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. ఎవరి కాలైనా తగిలి ఊడొచ్చు, ఎలకలు కొరకొచ్చు, చాప కింద ఏం జరుగుతోందో కనపడదు. ఇప్పుడు సిలిండర్‌ని గట్టు కిందే నిలబెట్టి, తలుపు పెట్టకుండా వదిలేశాం. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేలమట్టానికి దిగుతుంది. అందుకే కింద గాలి ఆడాలి. సురక్ష ట్యూబుకి అయిదేళ్లే ఆయుష్షు, దాని మీదే తేదీ ఉంటుంది. ఇది చదవడం అయ్యాక లేచి ఓసారి చూసి రండి.

గది మధ్యలో పొయ్యి పెడితే మా ఊళ్లో ఇంకో చిక్కు ఉంది, గాలి. మధ్యాహ్నం సముద్రం గాలి లేచిందంటే కిటికీ లోంచి గుమ్మం లోకి సూటిగా కొడుతుంది, మంట ఆరిపోతుంది. మంట ఆరినా గ్యాస్ ఆరదు కదా! దానికి మందు పాత కిటికీలోనే దొరికింది. కింది రెక్కలు మూసి, పై రెక్కలు తెరిస్తే వెలుతురు వస్తుంది, పొగ పోతుంది, మంట కదలదు. పాతకాలం వడ్రంగులు కిటికీకి నాలుగు రెక్కలు ఎందుకు పెట్టారో నాకు ఇప్పుడు తెలిసింది.

ఈ వెతుకులాటలోనే ఒక ఆర్కిటెక్ట్ గురించి చదివాను. మార్గరెటె షూట్ లిహోట్‌స్కీ అని, ఆస్ట్రియా ఆవిడ. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాన్యుల ఇళ్ల కోసం ఓ వంటగది గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. మా వంటింటి కన్నా ఎంతో చిన్నది. గది మధ్యలో ఏమీ ఉండదు, రెండు గోడల వెంబడి అన్నీ చేతికందుతాయి. అలాంటివి పదివేల దాకా కట్టారు. నాకు ఆ వంటిల్లు ముందే తెలిసి ఉంటే మా అమ్మకి దీవి కట్టించేవాణ్ణి కాదు. పెద్ద హాల్లాంటి వంటిల్లు ఉన్నవాళ్లకి ఐలాండ్ అందంగానే ఉంటుంది, కాదనను. పదడుగుల గదిలో అది సోకే.

పని రెండు రోజుల్లో అయింది. ఖర్చు, తడిసి పొంగిన ఆ ట్రాలీకి పెట్టిన దాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. సిమెంటు ఆరేదాకా అమ్మ పెరట్లో వండింది. నాయనమ్మ పక్కనే పీట వేసుకుని, ‘ఇదిగో, ఇదీ చోటంటే’ అని ఆ వారమంతా మురిసింది.

మొన్న దసరాకి ఊరెళ్లాను. అమ్మ పాదం మీద మచ్చ ఇంకా ఉంది, అరచేయంత, కాస్త తెల్లగా. ఎడమ పక్క 27 అంగుళాల్లో ఆవకాయ జాడీ, ఉప్పు డబ్బా, అప్పడాల డబ్బా, నాన్న మందులు, ఫోన్ చార్జరు. ఖాళీ జానెడు.

‘ఏంటమ్మా ఇది, మళ్లీ నింపేశావు?’ అన్నాను.

‘గిన్నె పెట్టే పక్క నేను ముట్టలేదు, చూడు’ అంది. కుడి మెట్టు మీద గంజి బేసిన్ ఒక్కటే ఉంది.