బుర్ర కోసం ఒక ఆనప పాదు

మా ఊరు రోలుగుంటలో పెరట్లో ఆనప పాదు పెట్టేది కూర కోసమే. గోరు దిగేంత లేతగా ఉండగానే కాయ కోసేస్తాం. కొండెక్కి మన్యంలోకి వెళితే ఆ కాయే ముదిరి, ఎండి, నీళ్ళకూ అంబలికీ బుర్ర అవుతుంది. మనిషి ఈ తీగను మొదట చేరదీసింది కూడా పాత్ర కోసమేనని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఆఫ్రికాలో పుట్టిన ఈ జాతి దాదాపు 10,000 ఏళ్ళ కిందటే అమెరికా ఖండాల్లో ఉంది. అట్లాంటిక్ సముద్రం మీద కాయలే తేలుతూ వెళ్ళాయని 2014లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన తేల్చింది. నెలల తరబడి ఉప్పునీళ్ళలో తేలిన కాయల్లోని గింజలు మొలకెత్తుతాయని 1954 నాటి ప్రయోగం అంతకుముందే చూపించింది. గింజకు అంత రక్షణనిచ్చింది కాయకుండే గట్టి పెంకే.

కాయ పూర్తి సైజుకు వచ్చాక గానీ పెంకు గట్టిపడదు. పైతొక్క కిందున్న కణాల గోడల్లోకి లిగ్నిన్ చేరుతుంది. చెక్కకు గట్టిదనాన్నిచ్చేది ఈ పదార్థమే. తొందరపడి కోస్తే కాయ ముడుచుకుపోయి కుళ్ళుతుంది.

అందుకే బుర్రకని ఒక పాదును వేరుగా వదిలేయాలి. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ ఉన్న నాటు గింజ తొలకరికి పెడితే మంచిది. ఆడపూలు పక్క కొమ్మలకే ఎక్కువగా వస్తాయి కాబట్టి తీగ పందిరెక్కగానే కొస తుంచాలి. తెల్లటి పూలు సాయంత్రం విచ్చుతాయి, రాత్రి తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. ఆ వేళ మందు కొట్టకండి. పురుగులు రాకపోతే మగపువ్వు తెంపి, ఆడపువ్వు మధ్య భాగానికి మీరే రాయండి. పిందె నిలిచాక పండు ఈగ కుట్టకుండా పల్చటి గుడ్డ చుట్టాలి. పెద్ద కాయ కావాలంటే తీగకు ఒకటి రెండే ఉంచి, బరువుకు తెగిపోకుండా ఉట్టి కట్టాలి.

తొడిమ ఎండి గోధుమరంగుకు తిరిగాక, దాన్ని కొంచెం ఉంచి కోయండి. గాలి ఆడే నీడలో ఎండడానికి నెలలు పడుతుంది. పైన బూజు పట్టిందని పారేయకండి. పెంకు గట్టిగా ఉంటే కడిగితే పోతుంది. ఊపితే గింజలు గలగలలాడాలి. అప్పుడు నానబెట్టి తొక్క గీకి, మూతి కోసి, లోపలి పీచు తీసేయాలి. నీళ్ళు పోసి, చేదు పోయేదాకా మారుస్తూ ఉండాలి.

కూరకు కోసిన కాయ చేదుగా ఉంటే మాత్రం ముక్క కూడా తినొద్దు, రసం అసలే తాగొద్దు. అందులోని కుకుర్బిటాసిన్ తీవ్రమైన వాంతులకు, కడుపులో రక్తస్రావానికి దారితీస్తుంది. వండినా ఆ విషం విరగదు.