చోటు కొంచెం, కార్డులు కొల్లలు
చిన్న లినక్సు తయారీదార్లకు తప్పని తూకం

పాత కంప్యూటర్లను మూలన పడేయకుండా మళ్లీ పనిలో పెట్టడానికి చిన్న లినక్సు వ్యవస్థలు ఎంతో వుపయోగపడుతున్నాయి. అయితే వాటిని తయారు చేసేవారికి ఒక చిక్కు ఎప్పుడూ ఎదురవుతూనే వుంది. కంప్యూటరును ఇంటర్నెట్టుతో కలిపే నెట్‌వర్కు కార్డులు వందల రకాలున్నాయి. అన్నింటికీ చోటు కల్పిస్తే వ్యవస్థ చిన్నదిగా వుండదు. కొన్నింటిని వదిలేస్తే, ఆ కార్డున్న కంప్యూటరు గలవాడికి ఆ వ్యవస్థ వుండీ లేనట్టే.

లినక్సు అంటే కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థ. ఫిన్లాండులో విద్యార్థిగా వున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీన్ని మొదలుపెట్టాడు. దీన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. అందుకే ఎవరి అవసరానికి తగ్గట్టు వారు కావలసిన సరంజామా చేర్చి మూట కట్టి విడుదల చేస్తున్నారు. ఆ మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఒక్కో కార్డును పని చేయించడానికి మూటలో ఒక్కో డ్రైవరు వుండాలి. డ్రైవరంటే ఇక్కడ బండి తోలే మనిషి కాదు, ఆ కార్డు మాట తెలిసిన చిన్న ప్రోగ్రాము.

పెట్టెలోనే తాళంచెవి

తెర సంగతి వేరు. సరైన డ్రైవరు లేకపోయినా పాత కంప్యూటర్లలో వెసా అనే వుమ్మడి పద్ధతి మీద బొమ్మ కనిపిస్తుంది. పాటలు వినిపించే కార్డు, ప్రింటరు వంటివాటి డ్రైవర్లు లేకపోతే తరువాత ఇంటర్నెట్టు నుంచి దింపుకోవచ్చు. నెట్‌వర్కు కార్డుకు ఆ వీలు లేదు. డ్రైవరు కావాలంటే ఇంటర్నెట్టు వుండాలి, ఇంటర్నెట్టు రావాలంటే డ్రైవరు వుండాలి. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టవుతుంది పరిస్థితి. అందువల్ల చోటు చాలనప్పుడు మిగతావి తగ్గించి అయినా నెట్‌వర్కు డ్రైవర్లకు పెద్దపీట వేయడం మంచి పద్ధతి.

ఫ్లాపీ నాటి పొదుపు

1990 దశకంలో ఈ లెక్క మరీ గట్టిగా వుండేది. ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. నేడు ఫోనుతో తీసే ఒక్క ఫొటోకు కూడా ఆ చోటు చాలడం లేదు. ఆ ఒక్క ఫ్లాపీలోనే లినక్సు రౌటర్ ప్రాజెక్టు వారు పూర్తి వ్యవస్థను ఇమిడ్చారు. పాత కంప్యూటరుకు రెండు నెట్‌వర్కు కార్డులు తగిలించి ఈ ఫ్లాపీ పెడితే, ఒక ఇంటర్నెట్టు కనెక్షనును పలు కంప్యూటర్లు పంచుకునేవి. అన్ని డ్రైవర్లకూ చోటు లేదు గనుక, ఎవరి కార్డుకు కావలసిన డ్రైవరును వారే ఫ్లాపీలోకి ఎక్కించి, దాని పేరు జాబితాలో రాసుకునేవారు. టామ్స్‌ఆర్‌టీబీటీ అనే మరో వ్యవస్థకయితే అదే ఫ్లాపీని వేరే పద్ధతిలో సిద్ధం చేసి 1.722 మెగాబైట్లు పట్టించారు.

అసలు డ్రైవర్లు రాసిందెవరన్నది కూడా తెలుసుకోదగ్గదే. తొలిరోజుల్లో లినక్సు నెట్‌వర్కు డ్రైవర్లను చాలావరకు రాసినవాడు డొనాల్డ్ బెకర్. అమెరికాలో నాసా వారి గొడ్డార్డ్ కేంద్రంలో 1994లో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 16 మామూలు కంప్యూటర్లను ఒకటిగా పని చేయించిన వ్యక్తి ఆయన. ఆ ఏర్పాటు పేరు బేవుల్ఫ్.

ఒక డ్రైవరు, పలు కార్డులు

ఎంపికలో అసలు కిటుకు ఇక్కడే వుంది. కార్డు పెట్టె మీద కంపెనీ పేరు ఏదైనా లోపలి చిప్పు ఒకటే కావచ్చు. నోవెల్ కంపెనీ తెచ్చిన ఎన్‌ఈ2000 కార్డుకు లెక్కలేనన్ని నకళ్లు వచ్చాయి. ఒక్క డ్రైవరుతో వాటిలో చాలా భాగం నడుస్తాయి. చవకగా దొరికిన రియల్‌టెక్ 8139 చిప్పు కార్డుల సంగతీ అంతే. డెక్ కంపెనీ ట్యులిప్ చిప్పులను, వాటిని పోలినవాటిని చాలామంది తయారీదార్లు వాడారు. వీటికి తోడు 3కామ్, ఇంటెల్ కార్డుల డ్రైవర్లు చేర్చితే, కొద్ది చోటులోనే పాత కంప్యూటర్లలో అధిక భాగానికి దారి దొరుకుతుంది.

ఇందుకు విరుద్ధంగానూ జరుగుతుంది. కార్డు పేరు మారకుండానే లోపలి చిప్పు మారిపోయిన సందర్భాలున్నాయి. కనుక పేరును నమ్మరాదు, అంకెలను నమ్మాలి. పీసీఐ రకం కార్డు ప్రతిదానిలో తయారీదారుకు ఒకటి, చిప్పుకు ఒకటి చొప్పున సంఖ్యలుంటాయి. ఇంటెల్ తయారీ సంఖ్య 8086. అంతకు ముందటి ఐఎస్ఏ రకం కార్డుల్లో అనేకం అటువంటి గుర్తు చెప్పవు. ఎన్‌ఈ2000 వంటివాటికి చిరునామా సంఖ్యను మనిషే చేతితో ఇవ్వాలి. డ్రైవరు చిన్నదే అయినా ఆ తంటా కొత్తవారికి మింగుడుపడదు.

తీగ లేని కార్డులతో తంటా

వైఫై కార్డులు వచ్చాక లెక్కలు తారుమారయ్యాయి. వీటిలో చాలావాటికి డ్రైవరు ఒక్కటే చాలదు. ఫర్మ్‌వేర్ అనే మరో ఫైలును కార్డులోకి ఎక్కించాలి. లినక్సుకు చెందిన ఈ ఫైళ్లన్నీ కలిస్తే కొన్ని వందల మెగాబైట్లు దాటాయి. పైగా వీటిలో చాలావాటిని మార్చుకునే హక్కు కంపెనీలు ఇవ్వడం లేదు. స్వేచ్ఛకు కట్టుబడిన డెబియన్ వారు కూడా 2022లో ఓటింగు పెట్టుకుని, 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి ఆ ఫైళ్లను ఇన్‌స్టాలరులోనే చేర్చారు.

చిన్న వ్యవస్థలు తలో దారి పట్టాయి. టైనీ కోర్ వారు మూల మూటను 20 మెగాబైట్ల లోపే వుంచి, తీగ లేని కార్డులు కావలసినవారికి అనేక రెట్లు పెద్దదైన కోర్‌ప్లస్‌ను వేరుగా ఇస్తున్నారు. ఒకప్పుడు 50 మెగాబైట్లు దాటరాదని నియమం పెట్టుకున్న డామ్ స్మాల్ లినక్సు, 2024లో తిరిగి వచ్చినప్పుడు ఒక సీడీకి సరిపడే 700 మెగాబైట్లను హద్దుగా పెట్టుకుంది.

ఫోనే ఆసరా

చోటు లేని మూటకు నేడు ఒక సులువు దొరికింది. సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలించి, ఫోనులో టెదరింగ్ నొక్కితే ఫోనే నెట్‌వర్కు కార్డుగా పని చేస్తుంది. దీనికి రెండు మూడు చిన్న డ్రైవర్లు చాలు, అనేక కంపెనీల ఫోన్లకు అవే పనికి వస్తాయి. కంప్యూటరు లోపలి కార్డు ఏదైనా, ముందు ఫోను ద్వారా ఇంటర్నెట్టు తెచ్చుకుని, తరువాత ఆ కార్డు డ్రైవరును దింపుకోవచ్చు. చిన్న మూట కట్టేవారు ఈ డ్రైవర్లను విడిచిపెట్టరాదు.

పాత కంప్యూటరును మళ్లీ వాడదలచినవారు రెండు జాగ్రత్తలు తీసుకోవడం మంచిది. మొదటిది, పాత వ్యవస్థను చెరిపివేయక ముందే కార్డు సంఖ్యలను కాగితం మీద రాసి పెట్టుకోవాలి. లినక్సులో ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ ఇస్తే కార్డుల పేర్లు, దానికి ఎన్ఎన్ గుర్తు చేర్చితే సంఖ్యలు కనిపిస్తాయి. రెండవది, చిన్న లినక్సును పెన్‌డ్రైవు నుంచి ఒకసారి నడిపి, నెట్‌వర్కు వస్తున్నదీ లేనిదీ చూసుకున్నాకే డిస్కులోకి ఎక్కించాలి. కార్డు పని చేయకపోతే ఆ సంఖ్యలతో సహా తయారీదార్లకు తెలియజేయాలి. ఏ కార్డులు ఇంకా వాడుకలో వున్నాయో వారికి తెలిసే మార్గం వాడేవారి మాటే. చెప్పేవారు లేని కార్డుకే మొదట చోటు పోతుంది.