అర టన్ను సీసం, రెండు లీటర్ల శక్తి

ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీని పక్కకి జరపబోయి నడుం పట్టేసినవాళ్ళకి సీసం ఎంత బరువో నేను చెప్పక్కర్లేదు. అలాంటి సీసం బ్యాటరీలనే, సైజులో కాస్త చిన్నవాటిని, ఇరవై ఆరు తెచ్చి ఇద్దరు మాత్రమే కూర్చోగల ఓ కారులో పేర్చారు. మొత్తం 533 కిలోలు. కారు బరువు 1,400 కిలోలు కాబట్టి, మూడో వంతుకు మించి బ్యాటరీలే. ఇంతా చేస్తే వాటిలో పట్టే కరెంటు 16.5 యూనిట్లు. మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే ఆ అర టన్ను సీసం మోసుకెళ్ళేది రెండు లీటర్ల పెట్రోలుకన్నా తక్కువే!

జనరల్ మోటార్స్ 1996 డిసెంబరులో కాలిఫోర్నియా, అరిజోనా రాష్ట్రాల్లో రోడ్డెక్కించిన ఈవీ1 కారు సంగతి ఇది. కాలుష్యం లేని కార్లు కొన్నైనా అమ్మి తీరాలని కాలిఫోర్నియా వాయుకాలుష్య నియంత్రణ బోర్డు 1990లో కంపెనీలకు నిబంధన పెట్టింది. ఆ వేడిలో పుట్టిన కారు. ఎవరికీ అమ్మలేదు, లీజుకే ఇచ్చారు. తయారైనవి 1,117. 1999తో తయారీ ఆగిపోయింది, లీజులు ముగిశాక కార్లన్నీ వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేశారు. ఈ కారును చంపిందెవరని 2006లో డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు, నేను తెంపబోవడమూ లేదు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. రెండు లీటర్లయినా లేని శక్తితో ఆ కారు వంద కిలోమీటర్లు ఎలా పోయింది? మొదటి మోడలుకు కంపెనీ చెప్పిన రేంజి 110 నుంచి 145 కిలోమీటర్లు. ఫ్రీవే మీద గట్టిగా తొక్కితే వంద లోపే అనుకోండి. అయినా తక్కువేం కాదు.

సగం జవాబు మోటారులో ఉంది. ఊళ్ళో తిరిగే పెట్రోలు ఇంజను రూపాయి శక్తిలో పావలా కూడా చక్రాలకి చేర్చదు. మిగతాదంతా రేడియేటరులోంచీ సైలెన్సరులోంచీ వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ మోటారు తొంభై పైసల దాకా చేరుస్తుంది. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి కొంత చిల్లర తిరిగి జేబులో వేస్తుంది.

మిగతా సగం పిసినారితనం. ఆ పిసినారితనానికి మూలపురుషుడు పాల్ మెక్‌క్రెడీ. మనిషి పెడల్ తొక్కితే ఎగిరే విమానాన్ని 1977లో తయారుచేసి చూపించిన ఇంజనీరు. రెండేళ్ళ తర్వాత అలాంటిదే మరో విమానం ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. మనిషి కాళ్ళు అంతసేపు ఇవ్వగలిగింది అశ్వశక్తిలో మూడో వంతో నాలుగో వంతో. దాంతో గాల్లోకి లేవాలంటే గ్రాము బరువుకీ లెక్క చెప్పాలి, గాలి ఎక్కడ అడ్డుపడుతోందో చూసుకోవాలి. ఆయన కంపెనీయే 1987లో జనరల్ మోటార్స్ కోసం సౌరశక్తితో నడిచే కారు చేస్తే, అది ఆస్ట్రేలియాను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే పందెం గెలిచింది. ఈవీ1 ఆ ఇంట్లో పుట్టిన బిడ్డే.

గాలి అడ్డాన్ని కొలిచే అంకె ఒకటుంది, డ్రాగ్ గుణకం. అప్పటి మామూలు కార్లకి అది 0.3కి పైన ఉండేది. ఈవీ1కి 0.19. దీని కోసం వెనక చక్రాలకి సగం దాకా రేకు కప్పారు. వెనక చక్రాల మధ్య దూరాన్ని ముందు చక్రాలకన్నా తగ్గించి, కారును నీటిబొట్టులా వెనక్కి సన్నబరిచారు. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో ఈ కారును గాలి వెనక్కి తోసే బలం, నేను వేసిన లెక్కలో, పదిహేడు కిలోల బరువంత వచ్చింది. అదే వేగంలో అప్పటి సాధారణ కారుకి ముప్ఫై కిలోలు దాటుతుంది. టైర్లలో గాలి కూడా మనం కొట్టించే ముప్ఫై, ముప్ఫై రెండు కాదు, యాభై పీఎస్ఐ. సీట్ల చట్రం మెగ్నీషియం. కారు అస్థిపంజరం అల్యూమినియం. ఏసీ, హీటరు రెండు పనులూ ఒకే హీట్ పంపు చూసుకునేది.

వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగింతలవుతుంది. ఈ మాట పుస్తకంలో చదివితే తలకెక్కదు, విజయవాడ హైవే మీద ఎక్కుతుంది. మొన్న వేసవిలో మా బావగారి ఎలక్ట్రిక్ కారులో బయల్దేరాం. ఎల్బీ నగర్ దగ్గర డాష్‌బోర్డు 290 కిలోమీటర్లు వస్తుందని చూపించింది. చౌటుప్పల్ వచ్చేసరికి అది 215 అయింది.

"ఇదేంటి బావగారూ, మనం వచ్చింది నలభై అయిదు, ఇది తిన్నది డెబ్బై అయిదా?"

"వారం నుంచీ ఊళ్ళో ట్రాఫిక్‌లో తిరిగింది కదా, అది ఇంకా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నాననుకుంటోంది," అని ఆయన స్పీడు 110 నుంచి 80కి దించారు. ఆ తర్వాత అంకె బుద్ధిగా కిలోమీటరుకి కిలోమీటరే తగ్గింది. సూర్యాపేటలో ఛార్జింగు పెట్టి టీ తాగాం.

బావగారు చెప్పింది అక్షరాలా నిజం. డాష్‌బోర్డు మీద రేంజి కొలిచి చెప్పే అంకె కాదు, నిన్నమొన్నటి నడక చూసి రేపటికి చెప్పే జోస్యం. ఎలక్ట్రిక్ కార్ల వాళ్ళు దాన్ని వెటకారంగా గెస్-ఓ-మీటర్ అంటారు. బ్రోషరులో వేసే అంకె మరో రకం. పరీక్షశాలలో రోలర్ల మీద, నిర్ణయించిన వేగాలతో నడిపి తేల్చింది. మనం షోరూములో "ఎంత ఇస్తుంది?" అని అడిగే ప్రశ్నకి నిజానికి "మీరెలా తోలతారు?" అన్నదే సరైన జవాబు. అలా అంటే సేల్స్‌మన్ ఉద్యోగం ఉంటుందా!

సీసం దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇన్వర్టరు మీద ఒక్క ఫ్యాను పెడితే రాత్రంతా తిరుగుతుంది. దానికే మిక్సీ పెట్టారో, లెక్క ప్రకారం రావలసిన సమయం కూడా రాదు. కరెంటు నెమ్మదిగా లాగితే బ్యాటరీ ఉన్నదంతా ఇస్తుంది, గుంజితే కొంత దాచుకుంటుంది. 1897లోనే పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి సూత్రం కట్టాడు. కారణం సులువే. పలకల సూక్ష్మరంధ్రాల్లో ఉన్న ఆమ్లం గబగబా ఖర్చయిపోతుంది, బయట ఉన్న ఆమ్లం అంత వేగంగా లోపలికి చేరలేదు. పైపొర మీద సీసం సల్ఫేటు పేరుకుని దారి మూసేస్తుంది. కాసేపు ఆపితే ఆమ్లం మళ్ళీ లోపలికి ఇంకి బ్యాటరీ కొంచెం తేరుకుంటుంది. కాబట్టి సీసం కారులో వేగంగా వెళ్ళేవాడికి రెండు దెబ్బలు, గాలిది ఒకటి, బ్యాటరీది ఒకటి.

మన బెంగళూరులో 2001లో వచ్చిన రేవా కూడా సీసం కారే. అమెరికాలో చదువుకుంటూ సౌర కారు జట్టులో పనిచేసి వచ్చిన చేతన్ మైనీ దాని వెనకున్న మనిషి. కానీ రేవా గాలితో పోరాడలేదు. చిన్నగా ఉండి, నెమ్మదిగా ఊళ్ళోనే తిరిగి, ఎనభై కిలోమీటర్లతో సరిపెట్టుకుంది. నన్నడిగితే అదీ తెలివైన పనే.

ఈవీ1 రెండో తరంలో బ్యాటరీ మార్చారు. కారు దాదాపు అదే, కాబట్టి బ్యాటరీ మారితే ఏమవుతుందో చూడటానికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదు. పానసోనిక్ వారి మెరుగైన సీసం బ్యాటరీ 18.7 యూనిట్లు పట్టింది, రేంజి 130 నుంచి 160 కిలోమీటర్లు. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ 26.4 యూనిట్లు పట్టింది, రేంజి 160 నుంచి 225. ఈ రెండో బ్యాటరీని అభివృద్ధి చేసింది స్టాన్‌ఫర్డ్ ఓవ్‌షిన్‌స్కీ, కాలేజీ మెట్లెక్కకుండా సొంతంగా చదువుకున్న శాస్త్రవేత్త. హైడ్రోజన్‌ను ఒక మిశ్రలోహం స్పాంజిలా పీల్చుకోవడం అందులో కిటుకు. పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. అరిజోనా ఎండలో ఛార్జి చేస్తూ దాన్ని చల్లబరచాలంటే మళ్ళీ కొంత కరెంటు దానికే వదులుకోవాలి.

లాస్ ఏంజెలిస్ నుంచి శాన్ డియేగో 190 కిలోమీటర్ల పైచిలుకు. రెండూ ఈవీ1 లీజుకి ఇచ్చిన ఊళ్ళే. సీసం కారు దారిలో ఎక్కడో ఆగి, మూతి దగ్గరున్న చీలికలో ప్లాస్టిక్ తెడ్డులాంటి ఛార్జరు పెట్టించుకుని, గంటలు గంటలు కూర్చోవాలి. నికెల్ కారు జాగ్రత్తగా తోలితే చేరుతుంది, అదీ గుండె చేత్తో పట్టుకుని. రోజూ ఆఫీసుకి వెళ్ళిరావడానికి వంద కిలోమీటర్లు ఎవరికైనా ఎక్కువే, కానీ కారు కొనేటప్పుడు మనం ఆఫీసు గురించి ఆలోచించం, ఏడాదికోసారి వెళ్ళే తిరుపతి గురించి ఆలోచిస్తాం. అమెరికావాడూ అంతే. ఈవీ1 తోలేవాళ్ళకి పట్టుకున్న ఈ బెంగకి 1997 సెప్టెంబరులో శాన్ డియేగో పత్రిక ఒకటి 'రేంజ్ యాంగ్జయిటీ' అనే మాట వాడింది. ఆ మాట ఇప్పుడు అన్ని దేశాల్లోనూ తిరుగుతోంది.

అదే మాటను ట్రేడ్‌మార్కు చేసుకుంటామని 2010లో ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. మరెవరో కాదు, జనరల్ మోటార్సే. ఆ ఏడాది వాళ్ళు తెస్తున్న వోల్ట్ కారుకి ఆ బెంగ ఉండదని చెప్పుకోవడానికి. వోల్ట్ బ్యాటరీ 16 యూనిట్లు, దాదాపు మొదటి ఈవీ1 అంతే. కాకపోతే లిథియం కాబట్టి 533 కిలోలు ఉండాల్సింది 200 కిలోల లోపుకి దిగింది. అయినా కరెంటు మీద అది పోయేది యాభై ఆరు కిలోమీటర్లే. కారు బరువు 1,700 కిలోలు దాటింది, నీటిబొట్టు ఆకారం పోయింది, బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని అందులో మూడో వంతు కరెంటును ముట్టుకోకుండా ఉంచేశారు. మరి బెంగ ఎలా తీర్చారంటారా? కరెంటు అయిపోగానే అందుకోవడానికి ఒక ఇంజను పెట్టి, పక్కన ముప్ఫై అయిదు లీటర్ల పెట్రోలు ట్యాంకు పెట్టారు.