బాల్జాకు ‘అడ్యూ’ కథలో ఉన్మాదిని

ఫ్రెంచి కథావాఙ్మయమున స్త్రీల ఉన్మాదమును చిత్రించిన రచనలు పెక్కు కలవు. వానిలో బాల్జాకు 1830లో ప్రకటించిన ‘అడ్యూ’ అను కథను మాత్రమే మేమిచట విచారింప దలచితిమి.

‘అడ్యూ’ అనగా సెలవు. తెలుగువారు ‘పోయివత్తు’మని సెలవు గైకొందురు, ఆ మాటలో మరల వచ్చుట యున్నది. ఈ ఫ్రెంచి మాటను సాధారణముగా మరల కలియుదుమను ఆశ లేని వీడుకోలునకే వాడుదురు.

1812లో రష్యానుండి మరలుచున్న నెపోలియను సేన బెరెజీనా నదికడ చిక్కువడెను. తెప్పపై ఇర్వురకే చోటు మిగిలెను. ఫిలిప్ అను సైనికాధికారి తన ప్రియురాలగు స్తెఫనీని, ఆమె భర్తను ఎక్కించి తాను ఒడ్డున నిలిచెను. భర్త నీట బడి మంచుగడ్డ తాకిడికి మరణించెను. స్తెఫనీ ‘అడ్యూ’ అని యరచెను. పిదప రెండేండ్లు ఆమె సేనవెంట నీచుల చేతులలో బడి యీడ్వబడెను. ఆమెకు మతి పోయినది. భాషలో ఆ యొక్క మాటయే మిగిలినది.

1819లో వేటకు వెడలిన ఫిలిప్ ఆమెను యాదృచ్ఛికముగా కనుగొనెను. బంధువగు వైద్యుడొకడు ఆమెను పోషించుచుండెను. ఆమె చెట్లెక్కును; ఫిలిప్‌ను గుర్తింపదు. అతడు చక్కెర ముక్కలు చూపి ఆమెను మచ్చిక చేసికొనును. ఒకనాడు నిరాశచే ఆమెను చంపుటకును సిద్ధపడును. తుదకు తన భూములలో బెరెజీనాను మరల నిర్మించును: కాలువ త్రవ్వించి, పల్లెవాండ్రకు సైనికుల దుస్తులు తొడిగి, మంచు కురియువరకు వేచియుండును. ఆ దృశ్యమును చూచి స్తెఫనీకి తెలివి వచ్చును. అతనిని గుర్తించి, ప్రేమను తెలిపి, ఆ మాటయే పలికి ప్రాణము విడుచును.

ఈ చికిత్స కేవలము కవికల్పితము కాదు. 1795లో సాల్‌పేత్రియేరు వైద్యశాలకు వచ్చిన పినెల్, రోగి భ్రమను తొలగించుటకై న్యాయసభవంటి దృశ్యమును నటింపజేసిన వృత్తాంతమును తన గ్రంథమున వ్రాసెను.

1974లో వెలువడిన ఒక ప్రతియందలి పీఠికా వ్యాఖ్యలు యుద్ధవర్ణనమునే మెచ్చి ఉన్మాదినిని విస్మరించినవని షోషానా ఫెల్మన్ 1975లో ఎత్తి చూపెను. ఫిలిప్ కోరినది స్తెఫనీ స్వస్థత కంటె తనకు గుర్తింపేయని ఆమె వాదము. దీనిని మేమంగీకరింతుము, కాని యొక మాట చేర్పవలసి యున్నది. ఫిలిప్ పునర్నిర్మించినది నదిని. తాను లేని ఆ రెండేండ్లను కాదు. ఆమె ఉన్మాదమునకు మూలము తనతోడి వియోగమేయని అతడు నమ్మెను. ఆ నమ్మకమును కథలో ప్రశ్నించువాడు లేడు. నదీతీరమునకు పుటలు పుటలు వెచ్చించిన బాల్జాకు, ఆ రెండేండ్లను వైద్యుని నోట కొలది మాటలతో దాటవేసెను. యుద్ధమును మెచ్చిన వ్యాఖ్యాతలేగాక ఫెల్మన్‌ను చదివిన మన విద్యార్థులు కూడ ఈ కొలది మాటలయొద్ద ఆగుట అరుదు. అయినను బాల్జాకు ఫిలిప్‌ను విజయిగా చూపలేదు. అతడు పదియేండ్లు సంఘమున నవ్వుచు దిరిగి, తుదకు ఆత్మహత్య గావించుకొనును.

మార్గెరీత్ ద్యురాస్ 1964లో ప్రకటించిన లోల్ వి. స్టైన్ నవలలోను కథ చెప్పువాడు పురుషుడే. అయితే తనకు తెలియని చోట తాను కల్పించుచున్నానని అతడు పాఠకునితో ఒప్పుకొనును.