ఆ ముక్కు లెక్క తప్పితే... బండి వణుకుతుంది!

పండక్కి ఊరెళ్లడానికి ఇంటిల్లిపాదీ పాత సుమో ఎక్కారనుకోండి. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో బండి బాగానే నడిచింది. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కి, వేగం అరవై దాటిందో లేదో... సీటు కింద సన్నటి వణుకు! ఎనభైకి చేరేసరికి గుయ్యిమని మోత. టైర్లు చూస్తే కొత్తవి. వీల్ బ్యాలెన్సింగ్ కూడా అయింది. నెల కిందటే వెనక హౌసింగ్ మొత్తం మార్పించారు. మరి ఇంకేమైనట్టు? ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది హౌసింగ్‌నే. అది మంచిదే కావచ్చు, కానీ దాన్ని బిగించిన కోణం సరిగా ఉందా?

దిల్‌సుఖ్‌నగర్ అనగానే కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ గుర్తొస్తాయి. కానీ నగరానికి ఇది తూర్పు వాకిలి కూడా. 2021లో బాటసింగారానికి తరలిపోయేదాకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ లారీలన్నీ ఇటే వచ్చేవి. 2018లో నెత్తిమీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినా కింద బస్సుల రద్దీ తగ్గలేదు. ఇంకాస్త ముందుకెళ్తే వనస్థలిపురం పక్కన ఆటోనగర్. లారీల నుంచి జీపుల దాకా కమాన్ కట్టలు విప్పి, హౌసింగులు దించి, మళ్లీ ఎక్కించే పని ఇక్కడ మామూలే.

ఎందుకు మారుస్తారు?

వెనక రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఉండే ఇనుప దూలం లాంటిదే హౌసింగ్. దాని మధ్యలో బొజ్జలా ఉబ్బిన చోట క్రౌనూ పినియనూ ఉంటాయి. గేర్‌బాక్స్ నుంచి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి పినియన్‌ని తిప్పుతుంది. పినియన్ క్రౌన్‌ని తిప్పితే చక్రాలు తిరుగుతాయి. బరువు ఎక్కువైతే హౌసింగ్ వంగొచ్చు, బీటలివ్వొచ్చు. క్రౌను పళ్లు అరిగిపోవచ్చు. కొత్తది కొనాలంటే ఖర్చు. అందుకే చాలామంది పాత సామాన్ల దుకాణంలో మరో బండిది తెచ్చి బిగించమంటారు. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

హౌసింగ్ గొట్టం మీద కమాన్ కట్టలు కూర్చోవడానికి రెండు సీట్లు వెల్డింగ్ చేసి ఉంటాయి. పినియన్ ముక్కు ఎంత పైకి చూడాలో నిర్ణయించేది ఆ సీట్లే. ఆ కోణం ఏ బండికి ఆ బండిదే. మరో మోడల్ హౌసింగ్ తెచ్చి, యూ-బోల్టులు బిగించి, ‘అయిపోయింది తీసుకెళ్లండి’ అంటే... ముక్కు ఎటు చూస్తోందో ఎవరికి తెలుసు?

తిరగడంలో తిరకాసు

గేర్‌బాక్స్ బండి చట్రానికి బిగించి ఉంటుంది. హౌసింగ్ మాత్రం గుంతల్లో పైకీ కిందకీ ఊగుతుంది. కాబట్టి మధ్యలోని షాఫ్ట్ ఏటవాలుగానే తిరగాలి. అందుకే దాని రెండు చివరలా కూడిక గుర్తు ఆకారంలో క్రాసులు ఉంటాయి. ఈ ఏర్పాటుకి 1676లోనే ‘యూనివర్సల్ జాయింట్’ అని పేరుపెట్టినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. అప్పటికి మోటారు బండే లేదు!

ఈ జాయింటుకో గుణం ఉంది. ఏటవాలుగా తిప్పితే అవతలి కొస ఒకే వేగంతో తిరగదు. ఒక్క చుట్టులోనే రెండుసార్లు జోరందుకుని, రెండుసార్లు నెమ్మదిస్తుంది. సుమో లాంటి బండి 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2500 చుట్లు తిరుగుతుంది. జాయింట్ దగ్గర 10 డిగ్రీల వంపు ఉంటే, అవతలి వేగం 2460కీ 2540కీ మధ్య ఊగుతుంది. అదీ సెకనుకి ఎనభైకి పైగా సార్లు! వంపు 3 డిగ్రీలే అయితే ఆ ఊగు చాలా స్వల్పం. వంపు రెట్టింపైతే ఊగు ఇంచుమించు నాలుగింతలవుతుంది.

మరి అన్ని బండ్లూ వణకవేం? ముందు జాయింట్ చేసిన తప్పుని వెనక జాయింట్ దిద్దుతుంది కాబట్టి. అయితే రెండింటి దగ్గరా వంపు సమానంగా ఉండాలి. అంటే గేర్‌బాక్స్ షాఫ్ట్ గీత, పినియన్ గీత రైలు పట్టాల్లా సమాంతరంగా ఉండాలన్నమాట. గేర్‌బాక్స్ తోక 3 డిగ్రీలు కిందకు వాలితే, పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకెత్తి ఉండాలి. కమాన్ కట్టల బండికి ఇంకో కిటుకుంది. యాక్సిలరేటర్ తొక్కగానే కట్టలు మెలిపడి ముక్కు పైకి లేస్తుంది. అందుకే ముందే ఒకటి రెండు డిగ్రీలు దించి పెడతారు. లాగేటప్పుడు అది లేచి లెక్కకి సరిపోతుంది.

ముందు కొలత... తర్వాతే వెల్డింగ్

తెలిసిన మెకానిక్ సీట్లను ముందే వెల్డింగ్ చేసెయ్యడు. వాటిని వదులుగా పెట్టి, బండి బరువంతా కమాన్ కట్టల మీద పడేలా దించుతాడు. జాకీల మీద వేలాడుతున్న బండికి తీసిన కొలత కొలతే కాదు! తర్వాత గేర్‌బాక్స్ ఫ్లాంజి మీదా పినియన్ ఫ్లాంజి మీదా అయస్కాంతంతో అతుక్కునే యాంగిల్ మీటర్ పెట్టి చూస్తాడు. అది లేకపోతే తాపీమేస్త్రీ తూకం గుండు, జామెట్రీ బాక్సులోని కోణమానిని ఉన్నా పని జరుగుతుంది.

లెక్క కుదిరాక సీట్లకి చిన్న చిన్న టాకాలు వేసి మళ్లీ కొలుస్తాడు. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. అది కూడా ఒకేచోట ఏకధాటిగా కాదు. అటు కాస్తా ఇటు కాస్తా ఆగి ఆగి చేయాలి. లేదంటే వేడికి గొట్టమే వంగిపోతుంది. ఒకటి రెండు డిగ్రీల తేడా మిగిలితే సీటుకీ కట్టకీ మధ్య ఏటవాలు ఇనుప చెక్క పెట్టి సరిచేయొచ్చు.

షాఫ్ట్ విప్పేముందు రెండు ముక్కల మీదా సుద్దతో గుర్తు పెట్టుకోవడం మరో జాగ్రత్త. మళ్లీ కలిపేటప్పుడు ఒక్క పన్ను అటూఇటూ అయినా కోణం సరిగ్గా ఉన్నాసరే వణుకు తప్పదు.

వణుకే కదా అనుకుంటే...

స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలను చూడాలి. సీటూ నేలా వణికితే వెనకవైపు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ మోత మారుతుంటే, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గకపోతే కోణం కొలిపించాల్సిందే. బండి కదిలేటప్పుడు ‘టక్కు’మంటున్నా, క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి రాలుతున్నా ఇక ఆలస్యం చేయకూడదు. లోపలి సూదుల్లాంటి బేరింగులు అరిగిపోతున్నాయని అర్థం. హైవే మీద క్రాస్ విరిగితే షాఫ్ట్ ఊడి రోడ్డుకి గుచ్చుకోవచ్చు, నేలరేకుని చీల్చుకుని పైకి రావచ్చు. ఆ రేకు మీదే మన కాళ్లుంటాయి!

చట్టం సంగతీ మరవకూడదు. అదే మోడల్ హౌసింగ్ వేయించడం మరమ్మతు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చిచెప్పింది. కాబట్టి అదే మోడల్‌ది దొరికేదాకా ఆగడమే మేలు. దొరికాక కూడా సీట్లు ఎవరైనా కోసి అతికించారేమో చూసుకోవాలి.

పాత ఆమ్నీ, బొలెరో, లారీ... ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు తిరిగే బండ్లన్నింటికీ ఈ షాఫ్ట్ లెక్క ఉంటుంది. మారుతీ 800 లాంటి ముందు చక్రాల బండ్లకి ఆ బెడద లేదు.

సాయంత్రానికల్లా బండి ఇచ్చేయమని మెకానిక్‌ని తొందరపెట్టేది తరచూ మనమే. ఆ తొందరలో ఎగిరిపోయేది కొలిచే పనే. ఈసారి హౌసింగ్ మార్పిస్తే బేరం ఆడే ముందు ఒక్క మాట అడగండి... ‘కోణం ఎంతొచ్చింది?’ జవాబు డిగ్రీల్లో వస్తే, పిల్లల్ని ఎక్కించుకుని నిశ్చింతగా ఊరికి బయల్దేరొచ్చు!