ఆదివారం గోళీ

కొల్లాపూర్‌లో మా అవ్వకు కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, చెంబు కూడా పట్టలేదు. డాక్టర్ రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, ఆదివారం. పోయిన ఎండాకాలం నొప్పి ఆగక సోమవారం కూడా వేసుకోబోయింది. "వారానికొకటి పనిచేస్తే రోజూ వేస్కుంటే జల్ది తగ్గదా?" అన్నది. ఆ లాజిక్‌కు నా దగ్గర జవాబు లేదు. గోళీలు లాక్కుని చదవడం మొదలుపెట్టాను. రోజూ వేసుకుంటే ఈ మందు ఎముక మూలుగను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుందట. నాకు చెమటలు పట్టాయి.

అసలు వాపు ఎట్ల వస్తది? కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయని స్కూల్లో చదివాం. కానీ అంత వేగంగా పారే రక్తంలోంచి సరిగ్గా ముల్లు దగ్గరే ఎట్ల దిగుతాయి?

చిరునామా చెప్పేది రక్తనాళం లోపలి పొర, ఎండోథీలియం. మందం ఒకే ఒక్క కణం. మామూలప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతూ తెల్లకణాలను అంటనివ్వదు. దెబ్బ తగిలి హిస్టమిన్ అందితే, లోపల దాచుకున్న పి-సెలెక్టిన్‌ను నిమిషాల్లో పైకి తెస్తుంది. ఇ-సెలెక్టిన్‌ను మాత్రం కొత్తగా తయారుచేసుకోవాలి, దానికి గంటలు పడుతుంది. వీటికి తగిలిన కణం వెంటనే ఆగదు. సోమశిల రేవులో పుట్టి ఒడ్డును రాసుకుంటూ వచ్చినట్టు, గోడ మీద దొర్లుతుంది. అక్కడ కీమోకైన్లు కనిపిస్తేనే కణం మీది ఇంటెగ్రిన్లు తెరుచుకుని గోడ మీది ఐక్యామ్-1ను గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు ఆగి, సందులోంచి బయటికి దూరుతుంది. మా భాషలో చెప్పాలంటే టూ-ఫ్యాక్టర్ అథెంటికేషన్! పుట్టుకతోనే ఆ ఇంటెగ్రిన్లు లోపించిన పిల్లలు ఉంటారు. వాళ్లకు బొడ్డుతాడు వారాలైనా ఊడదు, పుండ్లలో చీము పట్టదు, అయినా అవి మానవు. చీము కూడా ఒక వరమే అని అప్పుడు తెలిసింది.

అవ్వ కీళ్లలో ముల్లేమీ లేదు. అయినా గోడ పిలుస్తూనే ఉంది. తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ కణాల బయట అడినోసిన్‌ను పెంచుతుంది, అడినోసిన్ ఆ అంటుకోవడాన్ని తగ్గిస్తుంది. మందు పనిచేసే దారుల్లో ఇదొకటి.

ఇంకో సంగతి. ఈ మందు పుట్టింది 1940లలో, అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో. ఆ పరిశోధనను నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్ కోసం చేసిన మందు ఇది. మందు ఇబ్బందులు తగ్గడానికి అవ్వ మింగే ఫోలిక్ యాసిడ్‌ను కూడా తయారుచేసింది ఆయన బృందమే! ఒకటి ఫోలిక్ యాసిడ్, ఇంకొకటి దాని పనికి అడ్డుపడేది. ఆయన 1948లో పోయారు. కీళ్లవాతానికి దీన్ని అమెరికాలో ఆమోదించింది 1988లో.

ఇదంతా చెప్తే అవ్వ సగం విని, "అయితే వాడు మనోడేనా?" అన్నది. ఇప్పుడు క్యాలెండర్‌లో ఆదివారాలకు పసుపు చుక్క, ఫోలిక్ యాసిడ్ రోజుకు కుంకుమ చుక్క పెడుతోంది.